నల్లరంగు లేని పలక

యాదగిరిగుట్ట మెట్లదారి మొదలయ్యే చోట, కొబ్బరికాయల దుకాణాల వరుస చివర కూర్చుని సత్తమ్మ మట్టిబొమ్మలు అమ్మేది. బొమ్మలు చేసేది ఆమె భర్త మల్లన్న. కుమ్మరి ఇంట పుట్టినవాడు. అచ్చుల్లో మట్టి నొక్కి, ఆరబెట్టి, కాల్చి ఇచ్చేదాకా ఆయన పని. రంగులు వేయడం సత్తమ్మ పని. కాపురానికి వచ్చిన ఏడే అత్తగారి దగ్గర కుంచె పట్టింది. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి.

తెలుపుకు సుద్ద, ఎరుపుకు జాజు, పసుపుకు పచ్చమట్టి, నీలానికి నీలిమందు, నలుపుకు దీపం మసి. ఈ అయిదింటినీ తుమ్మబంకతో నూరి కొబ్బరి చిప్పల్లో పోసి పెట్టుకునేది. ఏ చిప్పలో రంగు ఆ చిప్పలోనే ఉండాలి. నరసింహస్వామి ఒళ్లు పసుపు, లక్ష్మమ్మ చీర ఎరుపు, కనుబొమలు నలుపు. ఒకదాంట్లో ఒకటి కలిస్తే బురద తప్ప ఇంకేమీ రాదని అత్తగారు చెప్పింది. సత్తమ్మ ఆ మాట దాటలేదు.

అయితే ఒక్క చోట ఆమెకు తృప్తి ఉండేది కాదు. ప్రతి బొమ్మకూ దేవుడి వెనకాల చిన్న గుట్ట ఉంటుంది. దానికి మసిలో సుద్ద కలిపిన బూడిదరంగు వేసేవారు. అదొక్కటే కలుపు, అదీ అత్తగారి కాలం నుంచి ఉన్నదే. వేసిన ప్రతిసారీ అది పొయ్యిలోంచి తీసిన బూడిద కుప్పలాగే కనిపించేది. రోజూ తెల్లవారి వాకిలి ఊడుస్తూ తలెత్తితే అసలు గుట్ట ఎదురుగానే ఉండేది. అది బూడిదరంగులో ఉండదు. మరి ఏ రంగులో ఉంటుందంటే చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు.

జర్మనీ లడాయి, రెండో ప్రపంచ యుద్ధం, మొదలై రెండేళ్లు దాటింది. ఆ ఏడు దసరా వెళ్లాక, రాయగిరి స్టేషనులో దిగి ఎడ్లబండి మీద ఒక పెద్దమనిషి గుట్టకు వచ్చాడు. పేరు అబ్దుల్ హమీద్. మహబూబ్‌నగర్ ఆయన ఊరు. బొంబాయిలో చిత్రలేఖనం నేర్చుకుని, పాతికేళ్లుగా హైదరాబాదులోని పెద్ద ఇళ్లకు చిత్రాలు వేసి ఇస్తున్నాడు. యాభై అయిదేళ్లుంటాయి. నెరిసిన గడ్డం, పొడవాటి వేళ్లు, తక్కువ మాటలు.

ఆయన్ను పంపింది హైదరాబాదులోని ఒక బట్టల వర్తకుడు. ఆ వర్తకుడి తల్లి ఏటేటా గుట్టెక్కి మొక్కుకునేది. కాళ్లు పడిపోయి మంచం పట్టాక, ఒక్కసారి గుట్టను చూడాలని కలవరించడం మొదలుపెట్టింది. తల్లిని తేవడం కుదరదు కాబట్టి గుట్టనే ఆమె దగ్గరికి పంపాలని కొడుకు అనుకున్నాడు. మంచానికి ఎదురుగోడ మీద పెట్టేంత పెద్ద చిత్రం కావాలి. పొద్దు పొడిచినప్పటి గుట్ట కావాలి. తల్లి చూసింది ఎప్పుడూ ఆ వేళకే.

హమీద్ సాబు సత్రం మిద్దె మీద ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ముందున్న డాబా మీద మూడు కాళ్ల చట్రం నిలబెట్టి కాన్వాసు బిగించాడు. పొద్దు పొడవగానే పని మొదలు, పది గంటలకు వెలుగు తెల్లబడగానే ఆపడం. మిగిలిన పూటంతా గుట్టను చూస్తూ కూర్చునేవాడు.

వచ్చిన నాలుగో రోజు ఆయనకు నీళ్ల కూజా కావలసి వచ్చింది. మల్లన్న చేసిన కొత్త కూజాను సత్తమ్మే మిద్దె మీదికి తీసుకుపోయింది. ఆయన చేతులు కడుక్కోవడానికి కిందికి దిగినట్టున్నాడు, డాబా మీద ఎవరూ లేరు. కాన్వాసు మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన ముక్కాలిపీట మీద ఒక చెక్కపలక పడి ఉంది. బొటనవేలు దూర్చడానికి ఒక రంధ్రం, చుట్టూ ముద్దలు ముద్దలుగా రంగులు, నడుమ అలుకు గుడ్డ తిప్పినట్టు మరకలు.

ఇంత పెద్ద పనివాడు పలక ఇంత మురికిగా పెట్టుకున్నాడేమిటని ఆమె మొదట అనుకుంది. కూజా గోడవార దింపి వెనక్కి తిరగబోతూ ఆగిపోయింది. ఆ మరకల్లో ఒకచోట, చింతగింజంత మేర, ఆమె రోజూ పొద్దున చూసే రంగు ఉంది. వాకిట్లో నిలబడి తలెత్తితే కనిపించే గుట్టరంగు. బూడిదలో గులాబి పొడి కలిపినట్టు, లోపల ఎక్కడో చలి దాచుకున్నట్టు ఉంది. ఆమె మోకాళ్ల మీద వంగి ముఖం దగ్గరికి పెట్టి చూసింది.

"ఏం చూస్తున్నవమ్మా?" వెనక నుంచి హమీద్ సాబు గొంతు వినబడింది.

సత్తమ్మ గబాలున లేచి కొంగు సర్దుకుంది. "కూజా తెచ్చిన సాబ్. గీ రంగు చూసి నిలవడ్డ. గిది ఏ దుకాణంల దొరుకుతది?"

"యాడ దొరకదు. గా పలక మీదనే పుట్టింది."

"దేంట్ల ఏం కలిపితె పుట్టింది సాబ్?"

ఆయన కూజా ఎత్తి నీళ్లు తాగి, మూత పెట్టి, అప్పుడు అన్నాడు. "చెప్పను. చెప్తె నీకు మాట యాదికుంటది, రంగు యాదికుండదు. బొంబాయిల నా ఉస్తాదు నాకు అన్ని నోటితోని చెప్పిండు. పదేండ్లు నేను ఆయన మాటలే కలుపుకుంట కూసున్న. నువ్వు బొమ్మలకు రంగులేస్తవు గదా?"

"ఆ సాబ్. కిందనే, మెట్ల కాడ."

"అయితె నీకు కండ్లున్నయి. రోజు పది గంటలకు నేను పని బంద్ చేస్త. పలక గీకకముందు గీ పీట మీదనే పెడత. వచ్చి చూసుకో. జరసేపు గా పలక నీది. నన్ను ఏం అడగొద్దు."

"ముట్టుకోవచ్చునా?"

"వద్దు. కండ్లతోనే."

మర్నాటి నుంచి సత్తమ్మ పది గంటలకు దుకాణం మల్లన్నకు అప్పజెప్పి మిద్దెక్కేది. సాబు గదిలో కూర్చుని రొట్టె తినేవాడు, ఆమె డాబా మీద పలక ముందు కూర్చునేది.

మొదటి రోజు ఆమె లెక్క మాత్రమే పెట్టుకుంది. పలక అంచు వెంబడి ఏడు ముద్దలు. తెలుపు ఒక్కటే మిగతా వాటికి నాలుగింతలు. తర్వాత పచ్చమట్టి, దాని పక్కన నిమ్మపండు పసుపు, సింధూరం, లక్క ఎరుపు, కాల్చిన మట్టిరంగు, చివర నీలం. ఎనిమిదోది కోసం వెతికింది. లేదు. అంత పలక మీద నలుపు లేదు. ఎక్కడైనా మరిచిపోయి గదిలో పెట్టాడేమో అనుకుంది. మర్నాడూ లేదు, మూడోనాడూ లేదు.

ఇంటికి పోయి జాజు, నీలిమందు, సుద్ద తీసుకుని చిప్పలో కలిపింది. గేదెలు పొర్లిన మడుగు రంగు వచ్చింది. ఇంకొంచెం సుద్ద పోసింది. మడుగు ఎండిన రంగు వచ్చింది. అత్తగారి మాట నిజమే అనిపించి చిప్ప పారబోసింది.

మర్నాడు ఆమె రంగులను వదిలేసి వాటి మధ్య దారులను చూసింది. చిన్న కత్తితో కలిపినప్పుడు పడిన గీతలవి. గుట్టరంగు దగ్గర ముందు తెల్లటి పరుపు ఉంది. దానిలోకి ఎరుపు తోకలాగా సన్నగా వచ్చింది. ఇంకో పక్కనుంచి నీలం అంతకన్నా సన్నగా వచ్చి చేరింది. ఆమె నిన్న చేసింది దీనికి తలకిందులు. ముదురు రంగులు ముందు పోసి వాటిని తెల్లబరచాలని చూసింది. ముదురులో ఎంత తెలుపు పోసినా ఆ కడుపు నిండదు. తెలుపులోకి ముదురును చీమ నడిచినట్టు తీసుకురావాలి.

ఆ మధ్యాహ్నం చిప్పలో సుద్ద పోసి, చీపురుపుల్ల మొనతో జాజు తాకించింది. కలిపి చూసి మళ్లీ తాకించింది. తర్వాత నీలిమందు, అంతకన్నా తక్కువగా. మూడు రోజులు అలా చేశాక చిప్పలో ఏదో కుదిరింది. అది చేతిలో పట్టుకుని మిద్దెక్కి పలక పక్కన పెట్టింది. దాదాపు అదే.

హమీద్ సాబు గదిలోంచి వచ్చి చూశాడు. చిప్ప తీసుకుని పిట్టగోడ దగ్గరికి పోయి, చెయ్యి చాచి గుట్టకు ఎదురుగా పట్టాడు. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. సత్తమ్మ ఒక కన్ను మూసి చూసింది. పలక పక్కన పెడితే సరిపోయిన రంగు, గుట్ట పక్కన పెడితే ఎర్రబడింది. పది గంటల గుట్ట ఇది, పొద్దు పొడిచినప్పటి గుట్ట కాదు.

"రేపు పొద్దుగాల రావచ్చునా సాబ్?" అని అడిగింది.

"రా. సప్పుడు చెయ్యకు."

ఆ తెల్లవారి ఆమె మొదటిసారి ఆయన పని చేయడం చూసింది. చూస్తూ ఉంటే ఊపిరి తీసుకోవడం కూడా మెల్లగా తీసుకోవాలనిపించింది. ఆయన గుట్టను చాలాసేపు చూసేవాడు. తర్వాత కత్తితో రెండు మూడు రంగులు దగ్గరికి తెచ్చి, కలిపి, మళ్లీ గుట్టను చూసేవాడు. కుంచె కాన్వాసుకు తగిలేది ఎప్పుడో ఒకసారి. తగిలిందంటే ఆ చోట బండ నిలబడేది. ఒకసారి చాలాసేపు కష్టపడి ఒక రంగు కలిపాడు. తమలపాకు పండితే వచ్చే లేత వన్నె అది. సత్తమ్మ ఎన్నడూ అంత అందమైన రంగు చూడలేదు. ఆయన దాన్ని ఒకసారి చూసి, గుడ్డతో తుడిచేశాడు.

ఉండబట్టలేక ఆమె అడిగేసింది. "అంత మంచి రంగును తుడిచిన్రేంది సాబ్?"

"మంచి రంగే. గుట్టది కాదు" అన్నాడు ఆయన, తల తిప్పకుండానే.

ఆ మాట సత్తమ్మకు చాలా రోజులు చెవుల్లో ఉండిపోయింది. తన జీవితంలో రంగు బాగా వస్తే చాలనుకుంది గాని, అది ఎవరిదో అడగలేదు.

నల్లరంగు సంగతి పన్నెండో రోజున తెలిసింది. పలక కింది మూలన బండల నెర్రెల కోసం కలిపిన చీకటిరంగు ఉంది. దూరం నుంచి చూస్తే కాటుకే. దగ్గరికి పోయి చూస్తే, కత్తి దాన్ని పలచగా లాగిన చోట ఒక అంచు ఎర్రమట్టిలాగా, ఇంకో అంచు నీలంగా తేలింది. కాల్చిన మట్టీ నీలమూ ఒకదాన్నొకటి మింగి నలుపయ్యాయి. మసి వేస్తే బొమ్మకు అక్కడ రంధ్రం పడినట్టుంటుంది. ఈ నలుపులో చెయ్యి పెడితే లోపల చల్లగా తగులుతుందేమో అనిపించింది. ఇంటికి రాగానే మసి చిప్పను అటక మీద పెట్టేసింది.

"కనుబొమలు దేంతోని గీస్తవే?" అని మల్లన్న అడిగాడు.

"జాజు కాల్చి నీలిమందుల కలిపి గీస్త."

"మా అమ్మ ముప్పై ఏండ్లు మసితోనే గీసింది."

"అత్త మంచిగనే గీసింది. నేను గీసింది గూడ చూడు, నచ్చకుంటె మసే పెడత."

మల్లన్న చూశాడు. స్వామి కళ్లు మునుపటికన్నా మెత్తగా ఉన్నాయి. తర్వాతి అచ్చు చేతిలోకి తీసుకున్నాడు.

పలక నడుమ ఉండే బురద మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. రోజూ పలక గీకిన పెంటను సాబు పారేసేవాడు కాదు. ఒక పింగాణి గిన్నెలో నీళ్ల కింద దాచి, మర్నాడు పొద్దున దాన్నే పలక నడుమ పెట్టేవాడు. పొదుపేమో అనుకుంది. కానీ ఒకరోజు ఆ బురద నుంచి బయలుదేరిన సన్నటి దారులను ఒక్కొక్కటే కంటితో పట్టుకుని పోతే, ఒకటి ఆకాశం రంగులోకి పోయింది. ఒకటి గుట్టరంగులోకి, ఒకటి చెట్ల పచ్చలోకి. ఒక్కటీ తప్పలేదు. అన్ని రంగుల్లోనూ ఆ బురదే కొంచెం కొంచెం ఉంది. చిత్రంలో ఆకాశమూ బండలూ చెట్లూ ఒకే పొద్దు కింద ఎందుకు ఉన్నట్టుంటాయో ఆమెకు అప్పుడు అర్థమైంది. అవి ఒకే తల్లి పాలు తాగాయి.

ఆ సంబరంలో ఆమె తొందరపడింది. కార్తీక మాసపు యాత్రికుల కోసం మల్లన్న కాల్చిన నలభై బొమ్మలకు, తన చిప్పల్లోని రంగులన్నీ కలిపి చేసిన బురదను ప్రతి రంగులోనూ ధారాళంగా పోసి వేసింది. ఆరాక చూస్తే నలభై మంది దేవుళ్లూ దిగులుగా ఉన్నారు.

ఆలేరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ బొమ్మ చేతిలోకి తీసుకుని, "సామికి జరమొచ్చినట్టున్నది బిడ్డా" అని జాలిగా కింద పెట్టింది.

మల్లన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని నలభై బొమ్మలనూ కడిగారు.

మర్నాడు సత్తమ్మ పలక ముందు ఎప్పటికన్నా ఎక్కువసేపు కూర్చుంది. ఎంత కలిపాడు? ఆకాశంలో అయితే జొన్నగింజలో సగం కూడా లేదు. చెట్ల పచ్చలో కొంచెం ఎక్కువ. ఇంకొకటి కూడా కనిపించింది. సింధూరం ముద్ద నుంచి ఒక చిన్న చుక్క విడిగా తీసి పెట్టి ఉంది. దానిలోకి ఏ దారీ పోలేదు. దానిలోంచి ఏ దారీ రాలేదు. ఆ చుక్క ఎక్కడికి పోయిందో కాన్వాసు మీద వెతికింది. అంత పెద్ద గుట్ట మీద, మెట్ల నడుమ, ఎర్రచీర కట్టుకుని ఒక ఆడమనిషి ఎక్కిపోతోంది. వడ్లగింజంత ఉంది. కానీ చూసిన కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఆ వారం ఆమె నలభై బొమ్మలకూ మళ్లీ రంగులు వేసింది. గుట్టకు, సింహం జూలుకు, పీఠానికి, స్వామి ఒంటికి బురద కొంచెం కొంచెమే కలిపి రంగు తగ్గించింది. లక్ష్మమ్మ చీరకు మాత్రం ఏమీ కలపని ఎరుపు. పొద్దుటి ఎండలో వాటిని వరసగా పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయి చూసుకుంది. గుండె నిండింది.

ఆ సాయంత్రం హమీద్ సాబు మెట్లదారిన నడిచి వెళ్తూ దుకాణం ముందు ఆగాడు. ఒక బొమ్మ తీసుకుని వెలుగుకు తిప్పి తిప్పి చూశాడు.

"గీ ఎరుపుల ఏం కలపలే."

"కలపలే సాబ్."

"ఎందుకు?"

"చుట్టున్నోళ్లు తగ్గితెనే గదా గామె కనవడేది."

ఆయన పెదవులు విడలేదు గాని కళ్లు నవ్వాయి. బొమ్మను రెండు చేతుల్లో పట్టుకుని, నెమ్మదిగా నడుస్తూ మిద్దెకు తీసుకుపోయాడు.

మార్గశిరం వచ్చేసరికి చిత్రం ముప్పాతిక అయింది. బండల నీడలు, దూరపు ఆకాశం మిగిలాయి. ఆ రెండింటికీ నీలమే ప్రాణం. నీలం గొట్టం అడుగంటింది. బొంబాయి దుకాణానికి ఉత్తరం రాస్తే, లడాయి మూలాన విలాయతు నుంచి ఓడలు రావడం లేదని, ఎప్పుడొస్తాయో తెలియదని జవాబొచ్చింది. ఆ వెనకే వర్తకుడి ఉత్తరం కూడా వచ్చింది. తల్లి పరిస్థితి బాగాలేదు, త్వరగా ముగించమని అందులో ఉంది.

సత్తమ్మ మిద్దెక్కేసరికి సాబు పని చేయడం లేదు. పలక శుభ్రంగా గీకి ఉంది. ఆయన పిట్టగోడ మీద చేతులానించి గుట్టను చూస్తున్నాడు. సంగతి ఆమెకు చెప్పాడు.

"మా ఇంట్ల నీలిమందున్నది సాబ్" అంది సత్తమ్మ.

"నీలి నాకు తెలుసమ్మా. అది పచ్చగ కొడుతది. నా నీలం ఊదాకు పోతది. రెండు వేరే."

"తెలుసు. మీ పలక అంచుకు నీలం ఎండి అతుక్కొని ఉన్నది. నా నీలిని దాని పక్కకు పెట్టి మస్తు దినాలు చూసిన. ఉత్తగ పెడితె కలవది. మీ లక్క ఎరుపు సూదిమొనంత తగిలిస్తె పచ్చదనం చచ్చిపోతదని నా కండ్లకు తోస్తున్నది. మీ నీలమంత మెరవది, కాని నీడలకు మెరుపెందుకు సాబ్?"

హమీద్ సాబు ఇటు తిరిగి ఆమెను చూశాడు. "ఎన్ని దినాలు కావాలె?" అని మాత్రం అడిగాడు.

"మూడు."

నీలిమందు గడ్డను నీళ్లలో నానబెట్టి, గరుకు అడుగుకు దిగనిచ్చి, పైన తేలిన సన్నటి నీటిని వేరే కుండలోకి వంచింది. అలా ఏడుసార్లు. చివరి కుండ అడుగున మిగిలిన పొడి కాటుకకన్నా మెత్తగా ఉంది. దాన్ని ఎండబెట్టి, సాబు ఇచ్చిన అవిసె నూనె చుక్కచుక్కగా వేస్తూ సన్నికల్లు మీద నూరింది. మల్లన్న కూడా ఒక పూట నూరాడు. మూడోనాటికి వెన్నలాంటి ముద్ద తయారైంది.

నాలుగోనాడు పొద్దు పొడవకముందే ఆమె డాబా మీదికి వచ్చింది. సాబు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పలకను రెండు చేతులతో ఆమె ముందుకు చాచాడు.

"ఇయ్యాల ముట్టుకో" అన్నాడు. "నువ్వే పెట్టు. అన్ని."

సత్తమ్మ చేతులు ఒకసారి చీరకు తుడుచుకుని పలక అందుకుంది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. అంచు వెంబడి ఏడు ముద్దలు పెట్టింది, తెలుపు నాలుగింతలు. నీలం చోట తన నీలి. పింగాణి గిన్నెలోంచి ఆ బురదను, తల్లిరంగును, తీసి నడుమ పెట్టింది. తర్వాత తలెత్తి గుట్టను చూసింది. అప్పుడే కొస మీద వెలుగు పడుతోంది. తెలుపు పరుపు పరిచి ఎరుపును తోకలాగా తెచ్చింది. నీలిని అంతకన్నా సన్నగా. కత్తి తుడిచింది. బండల నీడకు కాల్చిన మట్టిని, నీలిని కలిపి, సూదిమొనంత లక్క తగిలించింది. దూరపు ఆకాశానికి ఒకటి, చెట్ల కింది చల్లదనానికి ఒకటి. ఒకటి కలిపాక గుట్టతో పోల్చి చూసింది. చాలా అందంగా ఉంది. గుట్టది కాదు. తుడిచేసి మళ్లీ కలిపింది.

సాబు పలక తీసుకుని బొటనవేలు దూర్చి నిలబడ్డాడు. ఆమె కలిపిన ఒక్కొక్క రంగునూ గుట్టతో సరిచూశాడు. చెట్ల కింది నీడలో మాత్రం కాస్త పచ్చమట్టి కలిపాడు. మిగతావేవీ ముట్టుకోలేదు. కుంచె ముంచి, ఆమె నీడను తీసుకుని, పెద్ద బండ పక్కన పెట్టాడు. బండ ముందుకు వచ్చింది.

ఆరు పొద్దులు అలా జరిగింది. ఆమె పలక పెట్టేది, ఆయన చిత్రం వేసేవాడు. మాటలు ఎప్పటిలాగే తక్కువ. ఏడోనాడు ఆయన కుంచెలు కడిగి ఆరబెట్టి, సత్తమ్మనూ మల్లన్ననూ పిలిచి కాన్వాసు ముందు నిలబెట్టాడు. మల్లన్న దగ్గరికి జరిగి చూసి, "నేను ఈడనే పుట్టి పెరిగిన, గాని దీన్ని గిట్ల చూడలే" అన్నాడు.

వర్తకుడు స్వయంగా వచ్చాడు చిత్రం తీసుకుపోవడానికి. చూసి చేతులు జోడించాడు, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అతని ధ్యాస అంతా దాన్ని దెబ్బ తగలకుండా ఎలా చేర్చాలన్న దాని మీదికి పోయింది. హమీద్ సాబు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"జర ఆగుండ్రి. గీ చిత్రంల నీడలన్ని ఈమెవి. పేరు సత్తమ్మ. రంగు ఈమె నూరింది, ఈమె కలిపింది."

"మంచిది, మంచిది" అన్నాడు వర్తకుడు తాడు ముడి చూస్తూ.

"ముడి తర్వాత చూద్దురు. ఈమెను చూడండ్రి. మీ అమ్మకు చిత్రం చూపించినప్పుడు గీ సంగతి చెప్పాలె. చెప్తమని మాటియ్యుండ్రి."

వర్తకుడు అప్పుడు నిజంగా తిరిగి సత్తమ్మను చూశాడు. మాట ఇచ్చాడు. సత్తమ్మ తల వంచుకుని నిలబడింది. తన పేరు ఒక పెద్దమనిషి నోట, ఇంకో పెద్దమనిషికి, అలా గట్టిగా చెప్పడం ఆమె పుట్టాక అదే మొదటిసారి.

సాబు మర్నాడు బండెక్కాడు. నెల తర్వాత ఆయన రాసిన కార్డు వచ్చింది. టపా తెచ్చినాయన ఉర్దూ చదివి చెప్పాడు. ముసలమ్మ మంచాన్ని చిత్రానికి ఇంకా దగ్గరగా జరిపించుకుందట. రోజూ పొద్దున లేవగానే చూస్తూ, ఆ బండల సందుల్లో చల్లగాలి వస్తోందని ఇంటివాళ్లతో చెబుతోందట.

లడాయి ముగిసిన మరుసటి వేసవిలో మల్లన్న చెల్లెలి ఇంట్లో పెళ్లికి భార్యాభర్తలు రైలెక్కి మహబూబ్‌నగర్ పోయారు. పెళ్లయిన మర్నాడు అడుగుతూ అడుగుతూ హమీద్ సాబు ఇల్లు పట్టుకున్నారు. ఆయన భార్య అజీజా బేగం తలుపు తీసింది. పేరు చెప్పగానే, "నీడల సత్తమ్మవా? రా, లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

సాబు పెరటి వసారాలో పని చేస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది, వీపు కొంచెం వంగింది. కాన్వాసు మీద అజీజా బేగం చాటలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. చూపు వేళ్ల మీద, ధ్యాస ఇంకెక్కడో. కుశలాలయ్యాక సత్తమ్మ కళ్లు అలవాటుగా పలక మీదికి పోయాయి.

ఆ పలక ఆమెకు అర్థం కాలేదు. ఏడు ముద్దలు లేవు, నాలుగే ఉన్నాయి. నడుమ తల్లిరంగు లేదు. దారులు లేవు. కలిపిన చోటే లేదు. పలక నడుమ చెక్క శుభ్రంగా కనిపిస్తోంది. కాన్వాసు మీద చూస్తే బేగం చెంప ఎండలో మెరుస్తోంది, ముంజేతి నీడలో పచ్చదనమూ ఎరుపూ ఊదా ఒకదాని పక్కన ఒకటి, ఏదీ దేంట్లోనూ కలవకుండా, దూరంగా నిలబడితే కలిసిపోయి ఒళ్లు అవుతున్నాయి.

"గిదేంది సాబ్, కలపనే లేదు?"

"అది నాకు అలవాటైపోయిందమ్మా. చెయ్యి తనంతట తనే కలుపుతాంది, కండ్లకు పని లేకుంట. అందుకె విడిచిపెట్టిన. అరవై ఏండ్లకు మల్ల మొదటికాంచి నేర్చుకుంటున్న. సగం దినాలు తుడుసుడే అయితాంది."

సత్తమ్మ ఆయన ముఖంలోకి చూసింది. హాస్యానికి అనడం లేదు. అంత పనితనం చేతిలో ఉన్న మనిషి దాన్ని పక్కన పెట్టి, పసివాడిలా తడుముకుంటున్నాడు. గుట్ట చిత్రం చూసిన రోజున ఆయన మీద పుట్టిన గౌరవం కన్నా ఇది పెద్దదని ఆమెకు తోచింది.

మల్లన్న గొంతు సవరించుకున్నాడు. సాయంత్రం బండికి పోవాలని ముందే అనుకున్నారు.

"నువ్వు పో" అంది సత్తమ్మ. "ఆడబిడ్డ ఇంట్ల రెండు దినాలుండి వస్త."

అజీజా బేగం నవ్వి పీట తెచ్చి వేసింది. సత్తమ్మ దాన్ని పలకకు దగ్గరగా లాక్కుని కూర్చుంది. సాబు కుంచె తీసుకున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. ముందు ముద్దలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.